బీరువాలోని పాత లెన్సులను తూకానికి వెయ్యొద్దు



వచ్చే ఆదివారం కమిటీ మీటింగు నోటీసు అందరికీ చేరింది. అందులో నాలుగో అంశం వాడుకలో లేని పాత వస్తువుల అమ్మకం. జాబితా చూశాం. తుప్పు పట్టిన సీలింగ్ ఫ్యాన్లు మూడు, పాడైన మైకు సెట్టు ఒకటి, కాళ్ళు విరిగిన కుర్చీలు పదకొండు. వీటిని తూకానికి వేసెయ్యండి, మాకు అభ్యంతరం లేదు. చివరి వరసలో మాత్రం 'పాత కెమెరా 1, లెన్సులు 2' అని ఉంది. ఐదో అంశం, మనుషుల ముఖాలు బాగా తీయడానికి కొత్త లెన్సు కొనడం, అంచనా ముప్పైరెండు వేలు. ఈ రెండు అంశాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి జవాబు ఇంకోదానిలో ఉందని ఎవరూ గమనించినట్టు లేదు.

మేము 'మేము' అని రాయడం రైల్వే ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలు రాసిన అలవాటు. పైగా ఆదివారం పొద్దున సంఘం అరుగు మీద కూర్చునే నలుగురి మాటా ఇందులో ఉంది. మా చదువు తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు రిటైరయ్యాక దిద్దుకున్నాం. తప్పులుంటే మన్నించండి, విషయం చూడండి.

ముందు ఈ ఉత్తరం ఎందుకో చెప్తాం. పోయిన ఆడి మాసంలో మన సంఘంలో ఒక అవ్వ కాలం చేసింది. ఎనభై ఏడేళ్ళు. వీధి మొదట్లో కన్నీటి అంజలి ఫ్లెక్సు కట్టాలి, ఫొటో కావాలి. ఇల్లంతా వెతికారు. చివరికి ఒక పెళ్ళిలో ఫోన్లో తీసిన గుంపు ఫొటోలోంచి అవ్వ ముఖాన్ని కత్తిరించి, ఆరడుగులకు పెంచి వేశారు. చెవి పక్కన ఎవరిదో భుజం. ముఖం ముడతలన్నీ ఫోనే చెరిపేసి మైనపు బొమ్మ లాగ చేసింది. అవ్వ మనవరాలు ఆ ఫ్లెక్సు కింద నిలబడి, "అవ్వ ముక్కుపుడక ఏమైంది?" అని అడిగింది. ఏం చెప్పాలో మాలో ఎవరికీ తోచలేదు. ఆ ముక్కుపుడక లేకుండా అవ్వను మేమెవరం ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు మన జాబితాలో ఎనభై దాటినవాళ్ళు పద్నాలుగు మంది. ఇల్లిల్లూ తిరిగి అడిగాం. గోడకు పెట్టుకోదగ్గ ఫొటో ఉన్నవాళ్ళు ముగ్గురు. మిగతా పదకొండు మందికి ఉన్నది ఆధార్ కార్డు ఫొటో, లేకపోతే గుంపులో సగం ముఖం.

ఇక లెన్సుల సంగతి. ఆ కెమెరా రష్యా జెనిట్. 1983లో అప్పటి కార్యదర్శితో కలిసి మేము పాసు మీద మద్రాసు వెళ్ళి, మూర్ మార్కెట్టులో సెకండ్ హ్యాండుగా తెచ్చాం. ఇంకో రెండేళ్ళకు ఆ మార్కెట్టే తగలబడిపోయింది. కెమెరాతో వచ్చింది హీలియోస్ 44-2 అనే లెన్సు, 58 మిల్లీమీటర్లు. తర్వాత కొన్నది జర్మనీ పెంటకాన్, 135 మిల్లీమీటర్లు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ఇందు ఫిల్ము వేసి అప్పటి ఉగాదులన్నీ తీశాం. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, మన కెమెరాలో షటరు కూడా బిగుసుకుపోయింది. కెమెరా పని అయిపోయిందంటే ఒప్పుకుంటాం. లెన్సు పని మాత్రం అయిపోలేదు. లెన్సు అంటే లోహపు గొట్టంలో కూర్చున్న గాజు. దానికి బ్యాటరీ లేదు, చిప్పు లేదు. గాజు శుభ్రంగా ఉండి, తిప్పే వలయం తిరుగుతుంటే అది ఇవాళ్టికీ లెన్సే.

ఈ లెన్సులు కెమెరాకు మర తిప్పి బిగించే రకం. మర వ్యాసం 42 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ ఎడం 1 మిల్లీమీటరు. అందుకే ఎం42 అంటారు. 1949లో జర్మనీ డ్రెస్డెన్‌లో తయారైన కెమెరాలతో ఇది బజారుకొచ్చింది. తర్వాత జపాను పెంటాక్స్ వాళ్ళూ, రష్యా వాళ్ళూ ఇదే మర పెట్టారు. పెంటాక్స్ వాళ్ళు 1975లో దీన్ని వదిలి, కాస్త తిప్పితే టక్కున పడే వేరే బిగింపుకు మారారు. అప్పటిదాకా ఒక దేశం లెన్సు ఇంకో దేశం కెమెరాకు ఎక్కేది. పొన్మలై వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మర కొలత ఒకటైతే బోల్టు ఎవరు చేసినా నట్టులో కూర్చుంటుంది.

మరి ఆ మర ఇప్పటి కెమెరాకు ఎక్కదు కదా అంటారు. నిజమే, నేరుగా ఎక్కదు. మీటర్ గేజి పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజికి 1676. రెండూ కలిసే స్టేషన్లో సరుకును ఒక వ్యాగనులోంచి దించి ఇంకో వ్యాగనుకు ఎక్కించేవాళ్ళు. గేజి వేరని సరుకును ఎవరూ పారెయ్యలేదు. ఇక్కడ ఆ పని చేసేది ఒక చిన్న లోహపు వలయం, అడాప్టరు అంటారు. ఎం42 లెన్సు బిగించే చోటుకూ వెనక ఫిల్ముకూ మధ్య 45.46 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. మన సంఘం ఉగాది సభను యూట్యూబులో చూపించడానికి కొన్న సోనీ మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. తేడా 27.46. అడాప్టరు మందం అంతే. అందులో గాజు లేదు, తీగ లేదు. మేము సొంత డబ్బుతో ఎనిమిది వందల చిల్లరకు తెప్పించాం.

మీ ఇళ్ళలో పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలు ఉంటాయి కాబట్టి ఒక మాట. కెనాన్ ఈఎఫ్ కెమెరాల్లో ఆ దూరం 44 మిల్లీమీటర్లు, పలచటి వలయంతో సరిపోతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో 46.5, అంటే ఇప్పటికే ఎక్కువ. మామూలు వలయం వేస్తే దగ్గరి మనిషి స్పష్టంగా వస్తాడు గాని దూరంలో ఉన్న మలైక్కోట మసకగానే ఉంటుంది. తెలియక కొని డబ్బు పోగొట్టుకోకండి.

మొదటి రోజు లెన్సు బిగించి మీట నొక్కితే కెమెరా కదల్లేదు. పాడుచేశామేమో అని గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది, లెన్సులో కరెంటు లేదు కాబట్టి కెమెరా దృష్టిలో అక్కడ లెన్సే లేదు. మెనూలో 'లెన్సు లేకుండా షటరు' అనే చోట అనుమతి ఇస్తే సరిపోయింది. అదే మెనూలో ఫోకస్ పీకింగ్ అని ఉంది. అది పెడితే స్పష్టంగా ఉన్న అంచుల మీద రంగు గీతలు కనిపిస్తాయి. ఒక బటను నొక్కితే కంటిని పెద్దది చేసి చూపిస్తుంది. కంటిలో మెరుపు స్పష్టమయ్యేదాకా వలయం తిప్పి నొక్కడమే. మాకు అరవై ఎనిమిదేళ్ళు, కంట్లో శుక్లం తీసి రెండేళ్ళయింది. మాకే వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది.

మన కెమెరా సెన్సరు పాత ఫిల్ముకంటే చిన్నది. అందువల్ల 58 లెన్సు సుమారు 87 లెన్సు చూపినంత మేర చూపిస్తుంది. మనుషుల ముఖాలకు అది సరైన కొలత. ఐదో అంశంలో కొనాలనుకున్నది కూడా అటూఇటూగా ఇదే.

ఇప్పుడు ఎదుటి మాట కూడా చెప్పుకోవాలి. పాతదంతా బంగారం అని మేము అనడం లేదు. ఎదురుగా ఎండ ఉంటే హీలియోసులో ఫొటో మొత్తం తెల్లబోతుంది. అంచులు మెత్తగా వస్తాయి. స్టేజి మీద పిల్లలు కోలాటం ఆడుతుంటే చేత్తో వలయం తిప్పుతూ కూర్చుంటే ఒక్కటీ దక్కదు. అక్కడ ఆటోఫోకస్ లెన్సే వాడాలి, అది మన దగ్గర ఉంది. మీటరు దూరంలో 2 అనే అంకె పెట్టి తీస్తే స్పష్టంగా ఉండే లోతు రెండు మూడు సెంటీమీటర్లే. కన్ను పడితే చెవి పోతుంది. అందుకని 4 పెట్టుకోవాలి. వెనకున్న చెట్టు ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయని ఈ హీలియోసుకు ఇప్పుడు కుర్రవాళ్ళలో మోజు ఉంది, దాంతో ధరలు కూడా పెంచారు. అలా ధర పెట్టి కొనమని మేము ఎవరికీ చెప్పం. ఉన్నదాన్ని తూకానికి వెయ్యొద్దు అంటున్నాం, అంతే.

"ముసలివాళ్ళకు పాత వస్తువుల మీద మమకారం" అని ఒక కమిటీ సభ్యుడు నవ్వాడట. మమకారం లేదని అబద్ధం చెప్పం. కానీ మా వాదన దాని మీద నిలబడలేదు. పోయిన నెల రెండు ఆదివారాలు కాలేజీ చదివే ఇద్దరు పిల్లకాయల చేతికి ఈ లెన్సు ఇచ్చి, అరుగు మీద ఒక తాతను కూర్చోబెట్టాం. ఫోనైతే రెండు సెకన్ల పని. ఈ లెన్సుతో ఒక్కో ఫొటోకు నాలుగైదు నిమిషాలు పట్టింది. వలయం తిప్పుతున్నంతసేపు తాతను కదలకుండా ఉంచాలి కదా, పిల్లలు మాట్లాడించక తప్పలేదు. తమిళంలో మొదలుపెట్టారు. తాత తెలుగులో జవాబు చెప్పాడు. అలా అలా వాళ్ళూ తెలుగులోకి వచ్చారు. అంబలి గురుగు, నాటుకోడి పందెం అంటూ మేము కూడా మరచిపోయిన ఇంటిమాటలు బయటికొచ్చాయి. ఒక గంటలో ఆరు ఫొటోలు. అందులో ఒకదాన్ని ఆ ఇంటివాళ్ళు అప్పుడే పెద్దది చేయించి గోడకు పెట్టుకున్నారు. తాత చేతి నరాలు, కంటి కింద మచ్చ, అన్నీ ఉన్నాయి.

కొత్త లెన్సు కొన్నా పిల్లలు ఇలాగే కూర్చుని మాట్లాడొచ్చు కదా అంటే, ఆడొచ్చు. కానీ రెండు సెకన్లలో పని అయ్యేచోట ఐదు నిమిషాలు ఎవరు కూర్చుంటారు? మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే ఇది. ఆలస్యం ఈ లెన్సు లోపమే. మన అవసరానికి ఆ లోపమే పనికొచ్చింది.

ఇంకో సంగతి ఆలస్యం చెయ్యడానికి వీల్లేనిది. పెంటకాన్ లెన్సును టార్చి వెలుతురులో చూశాం. లోపల ఒక మూల సాలెగూడు లాంటి తెల్లటి దారాలు మొదలయ్యాయి. అది బూజు. చీకట్లో, చెమ్మలో, తోలు సంచిలో కట్టిపెడితే గాజు మీది పూతను తినేస్తుంది. తిన్నది తిరిగి రాదు. హీలియోసు ఇంకా శుభ్రంగా ఉంది. రెండింటినీ వేరువేరుగా, గాలి చొరని డబ్బాల్లో సిలికా జెల్ వేసి పెట్టాలి, అప్పుడప్పుడు తీసి వాడాలి. ఇరవై ఏళ్ళు భద్రంగా తాళం వేశామని మనం అనుకున్నాం. ఆ తాళం వల్లే ఒక లెన్సుకు బూజు పట్టింది.

కాబట్టి మా కోరికలు మూడు. ఒకటి, నాలుగో అంశం జాబితాలోంచి లెన్సులు రెండూ తీసెయ్యండి. షటరు పోయిన కెమెరాను కూడా ఉంచితే సంతోషం, పట్టుపట్టం. రెండు, ఐదో అంశాన్ని ఏడాది వాయిదా వెయ్యండి. ఆ ముప్పైరెండు వేలలో పద్నాలుగు మంది పెద్దల ఫొటోలు తీయించి, మంచి కాగితం మీద అచ్చు వేయించి, చట్రం కట్టించి ఇచ్చినా బోలెడు మిగులుతుంది. మా అడాప్టరు సంఘానికే ఇచ్చేస్తాం. మూడు, ఈ పని పెద్దవాళ్ళకు ఇవ్వొద్దు, పిల్లకాయలకు ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక తాతనో అవ్వనో అప్పజెప్పండి.

లెన్సు బిగించడం మాత్రం మేము చూపిస్తాం. మరను నేరుగా కుడివైపు తిప్పకూడదు. ముందు మెల్లగా ఎడమవైపు తిప్పాలి, మర టక్కుమని సర్దుకున్న చప్పుడు వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడివైపు తిప్పాలి. అడ్డంగా ఎక్కితే అల్యూమినియం మర అరిగిపోతుంది. వర్క్‌షాపులో ఒక ఫిట్టరు అన్న మాకు చెప్పిన పాఠం అది. ఆయనకు ఇప్పుడు ఎనభై నాలుగు. ఆ పదకొండు మందిలో ఆయన ఒకరు.

ఆదివారం పది గంటలకు మీటింగు. నాలుగో అంశం వచ్చేసరికి టీ తాగడానికి లేచి వెళ్ళకుండా, కాస్త కూర్చుని చెయ్యెత్తండి.