'హావ్ బీన్' అంటే భయమెందుకు?

మన హాస్టల్లో ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా అందరూ డిక్షనరీల గురించే చెబుతారు. రోజుకు పది మాటలు బట్టీ పట్టమంటారు. కానీ మేం చూసినంతలో కాలేజీ క్లాసుల్లో, ఇంటర్వ్యూల్లో మన పిల్లలు తల దించుకుంటున్నది పెద్ద పెద్ద మాటలు రాక కాదు. 'బీ' అనే చిన్న క్రియ దగ్గర. అదీ 'హావ్ బీన్', 'హాజ్ బీన్' అనే వేషంలో వచ్చినప్పుడు.

"ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటాడు మన తమ్ముడొకడు. కాన్వెంటు నుంచి వచ్చినవాళ్ళు కిసుక్కున నవ్వుతారు. "తప్పు, హావ్ బీన్ స్టడీయింగ్ అనాలి" అంటారు సారు. ఎందుకనాలో చెప్పరు. ఆ తమ్ముడు ఇక ఆ క్లాసులో నోరు విప్పడు. మా అభ్యంతరమంతా ఆ నవ్వు మీద, ఆ చెప్పకపోవడం మీద.

ఎందుకంటే ఆ తమ్ముడి వాక్యం వెనక ఉన్నది తెలివితక్కువతనం కాదు, తెలుగు వ్యాకరణం. "మూడేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నాను" అంటాం మనం. చదువుతున్నాను అనేది వర్తమానమే. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషు వాళ్ళు వేరే రూపం పెట్టుకున్నారు, మనం పెట్టుకోలేదు. పైగా మనకు 'నుంచి' ఒక్కటే చాలు. సోమవారం నుంచి అన్నా, మూడేళ్ళ నుంచి అన్నా అదే సరిపోతుంది. వాళ్ళు దాన్ని రెండుగా చీల్చారు. మొదలైన రోజు చెబితే 'సిన్స్', గడిచిన కాలాన్ని కొలిచి చెబితే 'ఫర్'. హిందీ వాళ్ళ 'సే' కూడా మన 'నుంచి' లాంటిదే కాబట్టి, ఉత్తరాదిలోనూ ఈ 'సిన్స్ త్రీ ఇయర్స్' వినిపిస్తుంది. అంతెందుకు, జర్మన్లు కూడా తమ భాషలో మనలాగే మూడేళ్ళ నుంచి చదువుతున్నాను అని వర్తమానంలోనే అంటారు. జర్మన్లను చదువు రానివాళ్ళని ఎవరూ అనరు మరి!

ఇంకో సంగతి. తెలుగులో 'హావ్' అనే క్రియే లేదు. నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు అంటాం, అక్కడ పని చేసేది 'ఉండు'. "ఆయన మా వార్డెన్" అనడానికైతే అసలు క్రియే అక్కర్లేదు. అంటే ఒకటి మనకు లేదు, రెండోది మనకు చాలాచోట్ల అవసరం లేదు. ఆ రెండూ కలిస్తేనే 'హావ్ బీన్'. నోరు తిరగకపోవడంలో వింతేముంది?

అయితే దీని తాళంచెవి కూడా మన తెలుగులోనే ఉంది. చాలామంది తికమకపడే 'హాజ్ గాన్', 'హాజ్ బీన్' చూడండి. "వార్డెన్ గారు హైదరాబాద్ వెళ్ళారు" అంటే ఇంకా రాలేదని మెస్సులో అందరికీ అర్థమైపోతుంది. అది 'హాజ్ గాన్'. "నువ్వెప్పుడైనా హైదరాబాద్ వెళ్ళొచ్చావా?" అంటే పోవడమూ తిరిగి రావడమూ రెండూ అయిపోయాయి. అదే 'హావ్ యు ఎవర్ బీన్'. కొన్ని జిల్లాల్లో 'పోయొచ్చినవా' అంటారు. అక్షరం చదువు లేని మా అమ్మ కూడా వెళ్ళాడు అనే చోట వెళ్ళొచ్చాడు అనదు. ఇంగ్లీషు వాళ్ళు పాటించే తేడా మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. ఈ ఒక్క ముక్క తెలుగులో చెబితే అయిదు నిమిషాల్లో అర్థమయ్యే పాఠాన్ని గైడులో ఖాళీలుగా నింపిస్తూ ఏళ్ళు గడిపేస్తున్నారు.

"ఇన్నాళ్ళూ ఎలా ఉన్నావురా?" అంటే 'హౌ హావ్ యు బీన్'. "మనం చూసుకుని అయిదేళ్ళైంది" అంటే 'ఇట్ హాజ్ బీన్ ఫైవ్ ఇయర్స్'. వార్షికోత్సవానికి వచ్చే సీనియర్లందరూ అనే మాటలే ఇవి.

ఇదంతా మార్కుల గొడవ మాత్రమే అయితే ఇంత రాయం. ఆఫీసుల భాషంతా ఈ 'హాజ్ బీన్' మీదే నడుస్తుంది. స్కాలర్‌షిప్ గురించి అడగండి. 'హాజ్ బీన్ శాంక్షన్డ్' అంటారు. బిల్లు గురించి అడగండి. 'హాజ్ బీన్ ఫార్వర్డెడ్' అంటారు. మంజూరైంది, పంపబడింది. ఎవరు పంపారో అందులో ఉండదు. ఎప్పుడు పంపారో అసలే ఉండదు, ఎందుకంటే 'హాజ్ బీన్' పక్కన గడిచిపోయిన తేదీ ఇమడదు. తేదీ వేయాలంటే దాన్ని 'వాజ్' చేయాలి. (ఆఫీసు కాగితాల్లో 'హాజ్ బీన్' రాసి పక్కనే తేదీ తగిలించడం కూడా చూస్తుంటాం. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు.) కాబట్టి ఎవరైనా 'హాజ్ బీన్' అంటే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ తేదీన?" అని. నోటితో చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ దరఖాస్తు తెలుగులో రాసినా తీసుకోవాల్సిందే. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

మనం రాసే అర్జీలకూ ఇదే పనికొస్తుంది. ఇప్పటికీ సాగుతున్న కష్టాన్ని 'హాజ్ బీన్'తో రాయాలి, మనం చేసిన పనిని తేదీ వేసి 'వాజ్'తో రాయాలి. 'ది మోటార్ హాజ్ నాట్ బీన్ వర్కింగ్ సిన్స్ ది టెన్త్ ఆఫ్ జూన్. ఎ కంప్లైంట్ వాజ్ గివెన్ ఆన్ ది ట్వెల్త్ ఆఫ్ జూన్.' ఈ రెండు వాక్యాలు చదివిన అధికారికి మోటారు ఇంకా పాడై ఉందనీ, రెండు రోజులకే మనం చెప్పామనీ, మనకు తేదీలు గుర్తున్నాయనీ తెలిసిపోతుంది.

2008లో సక్సెస్ పాఠశాలలని ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పటి నుంచీ మీడియం గురించి వాదనలు జరుగుతూనే ఉన్నాయి. మేం ఇంగ్లీషు వద్దనేవాళ్ళం కాదు. మనవాళ్ళకు అది కావాలి, కచ్చితంగా కావాలి. కానీ ఇంగ్లీషు నేర్పేటప్పుడు తెలుగును గది బయట నిలబెట్టే పద్ధతి కాన్వెంటు పిల్లలకు సరిపోతుందేమో గానీ, ఇంట్లో ఒక్క ఇంగ్లీషు మాట వినని పిల్లకు సరిపోదు. ఆమె దగ్గరున్న పెట్టుబడి తెలుగే. దాన్ని వాడుకోనివ్వకుండా మిగతావాళ్ళతో సమానంగా పరుగెత్తమనడం న్యాయం కాదు.

అందుకే సీనియర్లకు మా విన్నపం ఇది. నోట్‌పుస్తకాలు, పెన్నులు పంచుతున్నారు, సంతోషం. దగ్గర్లో ఉన్నవాళ్ళు నెలకు ఒక ఆదివారం స్టడీ అవర్‌లో వచ్చి కూర్చోండి. పుస్తకం అక్కర్లేదు. తమ్ముళ్ళ చేత, చెల్లెళ్ళ చేత వాళ్ళ కష్టం ముందు తెలుగులో చెప్పించండి, తర్వాత దాన్నే ఇంగ్లీషులో అర్జీగా రాయించండి. మొదటి అర్జీకి మోటారు సంగతే తీసుకోవచ్చు. అది ఇంకా బాగవలేదు.