మందిరంలో పాటకు టికెట్టా?



జర్మనీలో చదువుకుంటున్న మన సంఘపు పిల్లలు ఈ మధ్య వాట్సాప్ గుంపులో ఒక వీడియో పెట్టారు. లైప్‌జిగ్ నగరంలోని పాత చర్చీలలో ఏటా జరిగే సంగీత ఉత్సవం అది. దాని కింద వచ్చిన మాటలు మీరందరూ చదివే ఉంటారు. ఎంత చక్కగా పాడుతున్నారో అని కొందరు రాశారు. "దేవుని మందిరంలో పాట వినడానికి టికెట్టు ఏమిటి అయ్యగారూ? ప్రభువు కొరడా పట్టింది ఇలాంటివారి మీదనే కదా" అని ఎక్కువమంది రాశారు. జవాబు చెప్పమని మమ్మల్ని అడిగారు. రెండు ముక్కల్లో తేలేది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాం. పైగా డిసెంబరులో మన గుడిలో పెట్టాలనుకుంటున్న సంగీత సభ సంగతి కూడా ఇంకా తేలలేదు. ఆ ఊరి టికెట్టుకీ మన సభకీ సంబంధం ఉందని మా ఉద్దేశం.

ముందుగా అక్కడ జరిగేదేమిటో చెప్తాం. ఐరోపాలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన సంగీతాన్ని బరోక్ అంటారు. ఆ కాలపు చివరి తరంలో పెద్ద పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఈయన 1723లో లైప్‌జిగ్‌కు వచ్చి, 1750లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. పరిశుద్ధ తోమా చర్చి, పరిశుద్ధ నికోలాసు చర్చి ఆరాధనలకు పాట సమకూర్చడం, తోమా బడి పిల్లలకు సంగీతం నేర్పడం ఆయన ఉద్యోగం. మొదటి కొన్ని ఏళ్లు దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కంటాటా సిద్ధం చేశాడు. కంటాటా అంటే ఆ ఆదివారపు సువార్త పాఠాన్ని పట్టుకుని అల్లిన గానం. కొంత ఒక్కరు పాడతారు, కొంత బృందం పాడుతుంది, చాలావాటికి చివర సంఘానికి ముందే తెలిసిన కీర్తన వస్తుంది. అలాంటివి దాదాపు 200 నేటికీ మిగిలాయి. వాటిని ప్రసంగానికి ముందు పాడేవారు. పెద్దదైతే రెండో సగాన్ని ప్రసంగం అయ్యాక పాడేవారు. పాఠం చదివేవారు, పాట పాడేవారు, పాదిరిగారు అందరూ ఒకే వాక్యం మీద నిలబడేవారన్నమాట.

ఇప్పుడు ప్రతి జూన్‌లో సుమారు పది రోజులు అవే పాటలు, అవే చర్చీలలో, ప్రసంగం లేకుండా టికెట్టు మీద వినిపిస్తున్నారు. అదే మనవాళ్లకు గుచ్చుకున్నది.

మా మాట ముందే చెప్పేస్తాం. మా దృష్టిలో టికెట్టు అసలు తగవు కాదు.

ప్రభువు దేవాలయంలో బల్లలు పడదోసినప్పుడు అక్కడ నడుస్తున్నది ఏమిటో చూడండి. ప్రార్థనకు వచ్చినవాడు బలి ఇవ్వాలంటే ఆ అంగడి దాటే వెళ్లాలి. పేదవాడి భక్తికీ దేవుడికీ మధ్య ఒక బేరం కూర్చుని ఉంది. లైప్‌జిగ్‌లో ఆదివారం ఆరాధనకు టికెట్టు లేదు. శుక్రవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం తోమా చర్చిలో పిల్లల బృందం పాడే ప్రార్థన కూడిక ఒకటి ఉంటుంది. మోటెట్ అంటారు. దానికి చేతిలో పెట్టే పత్రానికి కొద్ది సొమ్ము తీసుకుంటారు. ఖరీదైన టికెట్టు ఉన్నది ఉత్సవపు కచేరీలకు. వాద్యగాళ్లు, గాయకులు, దేశదేశాల నుంచి ప్రయాణాలు, వీటన్నిటికీ డబ్బు కావాలి కదా. మన ఉజ్జీవ సభలకు టెంటుహౌస్ వాళ్లు బిల్లు వేయరా? సౌండు బాక్సులవాడు ఆమేన్ చెప్పి వెళ్లిపోతాడా?

బాఖ్ కాలంలోనూ పాటకు డబ్బు ముడిపడే ఉంది. ఆయన రాబడిలో పెళ్లిళ్లకూ సమాధి కార్యక్రమాలకూ పాడించినందుకు వచ్చే సొమ్ము పెద్ద భాగం. ఊళ్లో గాలి ఆరోగ్యంగా ఉన్న ఏడు చావులు తగ్గి తన రాబడి పడిపోయిందని 1730లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. (ఇది చదివి మేము నవ్వాం. సేవలో ఉన్నవాళ్లకు అర్థమవుతుంది.) పాటల మాటలు అచ్చువేసిన చిన్న పుస్తకాలను సంఘస్థులు కొనుక్కునేవారు. అంత డబ్బు గొడవలో ఉన్న మనిషే, రాసిన కాగితం మొదట యేసు సహాయం కోరుతూ జె.జె. అని, చివర దేవునికే మహిమ అనే అర్థంలో ఎస్.డి.జి. అని లాటిన్ పొడి అక్షరాలు పెట్టుకునేవాడు.

అదే సంవత్సరం ఆగస్టులో ఆయన నగర సభకు ఒక మహజరు పెట్టాడు. అందులో తన బడి పిల్లలను లెక్కగట్టాడు: పాటకు పనికివచ్చేవారు 17 మంది, ఇంకా సిద్ధం కానివారు 20 మంది, ఎందుకూ పనికిరానివారు 17 మంది. మన క్వయర్ గురించి బెంగపడేవాళ్లు ఈ లెక్కను గుర్తు పెట్టుకోండి. లోకమంతా టికెట్టు కొని వింటున్న పాటలు పుట్టింది ఈ 54 మంది పిల్లల మధ్య. అక్కరలేనంత మంది విద్వాంసులు చేతిలో ఉన్నవాడు రాసినవి కావు.

ఇక అసలు సంగతి. ఆ కచేరీలకు వచ్చేది ఎవరు? లైప్‌జిగ్‌లో నేడు ఏ సంఘంలోనూ సభ్యులు కానివారే ఎక్కువ. నలభై ఏళ్లు అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం నడిచింది. 1968 మే 30న ఏ యుద్ధమూ లేకుండానే విశ్వవిద్యాలయపు పాత చర్చిని మందుగుండు పెట్టి కూల్చేశారు. ఎవరూ నోరెత్తలేని రోజులు. మూడు వారాలకు అదే ఊళ్లో బాఖ్ పేరున జరిగిన అంతర్జాతీయ సంగీత పోటీ ముగింపు సభలో, వేదిక పైనుంచి ఒక గుడ్డ జారి అందరి కళ్లముందు తెరుచుకుంది. కూల్చిన చర్చి బొమ్మ, తిరిగి కట్టాలన్న కోరిక దానిమీద ఉన్నాయి. అలారం గడియారానికి కట్టి, సమయానికి విప్పుకునేలా అమర్చారు కొందరు కుర్రవాళ్లు. పాదిరిగార్ల నోళ్లు కట్టేసిన ఊళ్లో సంగీత సభ సాక్ష్యం పలికింది. ఉత్సవం జరిగే నికోలాసు చర్చిలో 1982 నుంచి సోమవారపు ప్రార్థనలు సాగాయి. 1989 అక్టోబరు 9న దాదాపు 70,000 మంది వీధుల్లో నడిచారు. తుపాకి పేలలేదు.

అలాంటి ఊరిలో, సంఘం ముఖం చూడని మనిషి టికెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంటాడు. అతనికి వినబడేదేమిటి? మత్తయి సువార్త ప్రకారం శ్రమల గానం తీసుకోండి. 1727 గుడ్ ఫ్రైడే నాడు తోమా చర్చిలో మొదటిసారి పాడారంటారు. రెండున్నర గంటలకు పైగా సాగుతుంది. మత్తయి 26, 27 అధ్యాయాలు దాదాపు మాట వదలకుండా అందులో ఉంటాయి. తనను అప్పగించేవాడు ఒకడు ఉన్నాడని ప్రభువు చెప్పగానే శిష్యులు అది తానేమో అని అడుగుతారు కదా. బాఖ్ ఆ ప్రశ్నను బృందం చేత 11 సార్లు అడిగిస్తాడు. పన్నెండోవాడు మౌనం. మరుక్షణం ఊరంతా ఎరిగిన కీర్తన అందుకుంటుంది, ఆ శిక్షకు తగినవాడిని నేనే అనే భావంతో. యూదాను వేలెత్తి చూపించబోతున్న చేయి మనవైపే తిరుగుతుంది. మేము ఇన్నేళ్లుగా శ్రమల దినాల్లో ఆ భాగం మీద ప్రసంగిస్తున్నాం. అంత సూటిగా చెప్పగలిగామా అంటే చెప్పలేం. ఆ మాట విన్నవాడి గుండెలో ఏం జరిగిందో టికెట్టు చింపే గుమస్తాకు తెలియదు, మనకూ తెలియదు. జపాన్‌లో క్రైస్తవులు ఎంత కొద్దిమందో మీకు తెలుసు. అక్కడ మసాకి సుజుకి అనే విశ్వాసి 1990లో ఒక బృందం కట్టి, బాఖ్ ఆరాధన కంటాటాలన్నీ ఏళ్లతరబడి రికార్డు చేశాడు. 2012లో లైప్‌జిగ్ నగరం ఆయనకు పతకం ఇచ్చింది.

ఇంకొక ముచ్చట మాకు బాగా నచ్చింది. తోమా చర్చిలో పాడేవాళ్లు నిలబడేది పడమటి వైపు మేడమీద. కింద బలిపీఠం వైపు తిరిగి కూర్చున్నవారికి పాడేవారి ముఖాలు కనబడవు, పాట వెనుకనుంచి పైనుంచి వస్తుంది. ఎదురుగా బలిపీఠం ఉంటుంది, దాని ముందు నేలలో 1950లో తెచ్చి పెట్టిన బాఖ్ సమాధి ఉంటుంది. డబ్బిచ్చి వచ్చినా గాయకుణ్ణి చూస్తూ కూర్చునే వీలు లేదు. మన కొత్త మందిరాల్లో వేదిక ఎంత ఎత్తు కడుతున్నామో, రంగు దీపాలు ఎవరి ముఖంమీద వేస్తున్నామో ఒకసారి తలచుకోండి.

అలాగని ఆ ఉత్సవంలో అంతా మాకు ఇష్టమేనని కాదు. 2018లో ఒక్క వారాంతంలో 30కి పైగా కంటాటాలు పాడించారు. మధ్యమధ్య సువార్త పాఠాలు చదివారట, అది మంచిదే. అయినా ఒక ఆదివారానికని వండినదాన్ని ముప్పై ఆదివారాల వంటతో కలిపి ఒకేసారి వడ్డిస్తే రుచి మిగులుతుందేమో గాని ఆకలి తీరదు. ఆగమన కాలపు ఎదురుచూపు జూన్ ఎండలో ఎలా తెలుస్తుంది? పాట ముగియగానే చప్పట్లు కొట్టడం కూడా మాకు మింగుడుపడదు. ప్రభువును సమాధిలో పెట్టిన పాటకు చప్పట్లేమిటి? పాటల ధ్వని తన దగ్గరనుండి తీసివేయమని ఆమోసు ద్వారా దేవుడు చెప్పింది, న్యాయం లేని చోట ఎంత మంచి సంగీతమైనా చెవిని పడదని. ఆ మాట లైప్‌జిగ్‌కూ వర్తిస్తుంది, మన ఊరికీ వర్తిస్తుంది.

ఈ తగవు మనకు కొత్తదేమీ కాదు. లైప్‌జిగ్‌కు 40 కిలోమీటర్ల లోపే హాలె అనే ఊరు ఉంది. మద్రాసులో సేవ చేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ దొరగారు తిరిగి వెళ్లి స్థిరపడింది అక్కడే. 1746లో అక్కడినుంచే ఆయన తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటిని చెప్తారు. అదే ఏడు బాఖ్ పెద్ద కొడుకు హాలెలోని పెద్ద చర్చికి ఆర్గన్ వాయించడానికి వెళ్లాడు. ఒకే ఊరు, ఒకే సంవత్సరం! హాలెలోని భక్తిపరులు మందిరంలో ఆడంబరపు సంగీతం అంటే ముఖం చిట్లించేవారు. పాట సాదాగా ఉండాలి, హృదయం కరగాలి అనేవారు. మన వాట్సాప్‌లో కోపగించినవారి మాటలో మాకు ఆ హాలె గొంతే వినబడింది. ఆ గొంతు తప్పని మేము అనం. కాని పక్క ఊళ్లో బాఖ్ కూడా అదే లూథరు బోధలో పెరిగిన మనిషి.

ఇక మన డిసెంబరు సభ. పట్నం నుంచి పేరున్న గాయకుణ్ణీ, ఆర్కెస్ట్రానూ పిలవాలని యువకుల కోరిక. ఖర్చు చూస్తే మన గుడి పైకప్పు మరమ్మతు చేయించినంత అవుతుంది. పిలవడం పాపమని మేము అనడం లేదు. కాని ఒక్క రాత్రి వచ్చి పాడి వెళ్లిపోయేవారికి ఇచ్చే సొమ్ములో నాలుగో వంతు పెడితే, హార్మోనియం, తబలా నేర్పే మాస్టారు ఏడాది పొడుగునా వారం వారం వస్తారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఎన్ని పాటల నెత్తిన రాగం, తాళం రాసి ఉన్నాయో చూశారా? పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను రాగం తప్పకుండా పాడగలిగే అవ్వలు మన సంఘంలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. పిల్లలకేమో ఫోనులో విన్న నాలుగు పాటలు తప్ప రావు. లైప్‌జిగ్ వాళ్లు టికెట్టు అమ్మగలుగుతున్నారంటే తోమా బృందం 1212 నుంచి తెగకుండా పిల్లలకు పాట నేర్పుతూ వచ్చినందుకు. మన దగ్గర అమ్ముకోవడానికైనా మిగలాలి కదా.

కాబట్టి గాయకుడి బయానా ఇంకా పంపవద్దని పెద్దలను కోరాం. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుని మాట్లాడదాం, యువకులు కూడా రావాలి, వాళ్ల మాట వినకుండా ఏదీ తేల్చం. ఈలోగా శనివారం సాయంత్రం 6 గంటలకు గుడిలో కీర్తనల అభ్యాసం మొదలుపెడుతున్నాం. అవ్వలు ముగ్గురూ వస్తామన్నారు. పాట రానివాళ్లు కూడా రావచ్చు, 17 మందిదాకా చోటుంది. పాత పుస్తకం ఇంట్లో ఉంటే తెచ్చుకోండి, గుడిలో ఉన్నవి తొమ్మిదే.