కళాశాల గేటు బయట మన మొహల్లా

కళాశాల ఉన్న ఊరు అదృష్టవంతమైన ఊరని లోకం అంటుంది. బాపట్లలో దశాబ్దాలుగా ఉంటున్న మా వంటివారికి ఆ మాటలో సగమే నిజమని తెలుసు. 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజనీరింగు కళాశాల వచ్చాక ఈ ఊరి కాలగణనే మారిపోయింది. ఇక్కడ సంవత్సరం మొదలయ్యేది ఉగాదితోనూ కాదు, ముహర్రంతోనూ కాదు. కౌన్సెలింగు ముగిసి, కొత్త పిల్లలు పెట్టెలతో, పరుపు చుట్టలతో రైలు దిగిన రోజున. సంక్రాంతి సెలవులు ఇస్తే వీథులు బోసిపోతాయి. వేసవిలో టిఫిను బండివాడు అప్పుచేసి ఇల్లు గడుపుకుంటాడు. 2022లో ఊరు జిల్లా కేంద్రమై కలెక్టరు కార్యాలయం వచ్చినా, చిన్న వ్యాపారి లెక్క మాత్రం నేటికీ విద్యార్థి జేబు మీదనే నడుస్తున్నది.

ఆ జేబు మీద ఆధారపడిన వారిలో మనవారు తక్కువేమీ కాదు. ఆటో నడిపేవారు, బిరియాని వండేవారు, బైకులు బాగుచేసేవారు, లాబ్ కోట్లు కుట్టే దర్జీలు ఎందరో ఉన్నారు. ఎమ్మెస్సీ విద్యార్థి పరిశోధన గ్రంథానికి బంగారు అక్షరాల అట్ట వేసే ఇంట్లో ఇంటర్మీడియట్ దాటినవారు ఒక్కరూ ఉండరు. ఇది ఒక ఇంటి సంగతి కాదు. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒకరు, పీజీ చదివే 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లిములని 2006లో సచార్ కమిటీ నివేదించింది. దూరాభారం లేని చోట, నడిచి వెళ్ళగల దూరంలో కళాశాల ఉన్నచోట కూడా మన మొహల్లాలో పరిస్థితి ఇంతకంటె మెరుగుగా కనిపించకపోవడమే మమ్మల్ని కలవరపెడుతున్నది.

పేదరికమే కారణమని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. పేదరికం ఉన్నది, కాదనము. వ్యవసాయ కళాశాలలో రైతు కోటా ఉన్నదంటారు. అది భూమి ఉన్నవారి పిల్లలకు. మనలో పట్టాదారు పాసు పుస్తకం ఉన్న ఇళ్ళెన్ని? పరాయి ఊరి నుంచి చదువుకు వచ్చిన మన బిడ్డకు పేరు వినగానే గది లేదని చెప్పే ఇళ్ళూ ఉన్నాయి. ఇవన్నీ ఎదురుగా కనిపించే గోడలు. వీటి గురించి ఈ పత్రికలో చాలామంది రాశారు. మేము చెప్పదలచినది ఎవరి కంటా పడని ఒక గోడ గురించి. అది కాగితపు గోడ. జీవితమంతా కాగితాల మధ్య గడిపిన గుమాస్తాలకు అదే ముందు కనిపిస్తుంది కాబోలు!

విద్యా ఉద్యోగాలలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం కేటాయిస్తూ 2007లో చట్టం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా బీసీ-ఇ కొనసాగుతున్నది. అయితే అది ముస్లిములందరిదీ కాదు. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారు అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి కిందికి వస్తాయి. ఇక పాఠశాల రిజిస్టరులో జరిగేది చూడండి. కులం అన్న గడిలో 'ముస్లిం' అని రాసి ఊరుకుంటారు. షేక్ అని ఒకచోట, ఎస్.కె. అని మరొకచోట, అసలు ఇంటిపేరే లేకుండా ఇంకొకచోట. దూదేకుల పిల్లవాడిని షేక్ అని నమోదు చేస్తారు. పదో తరగతి మార్కుల పత్రం మీద ఆ పేరు అచ్చయ్యాక దిద్దించుకోవడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు. కౌన్సెలింగుకు నాలుగు రోజుల ముందు తండ్రి ఆటో ఆపుకుని తహసీల్దారు కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడతాడు. విచారణ పూర్తికాదు. తేదీ దాటుతుంది. రిజర్వేషను ఉండి కూడా బిడ్డ ఓపెన్ కేటగిరీలో పోటీపడి ఓడుతుంది.

బిడ్డ అని ఊరకే అనలేదు. ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి జంకే తల్లిదండ్రులకు కళాశాల ఉన్న ఊరు ఇచ్చే వరం ఒకటే: ఉదయం వెళ్ళిన పిల్ల అసర్ నమాజు వేళకు ఇంటికి చేరుతుంది. హాస్టలు ఖర్చు లేదు, ప్రయాణం లేదు, నలుగురి మాట లేదు. వేరే ఊళ్ళ తల్లిదండ్రులు వేలకు వేలు పోసి కొనుక్కుంటున్న సౌకర్యం మన గుమ్మంలో ఉన్నది. ఆ పిల్ల కూడా ఒక ధ్రువపత్రం అందక ఇంట్లో కూర్చుంటే, ఏడాది తిరగకముందే నిఖా మాట వస్తుంది. ఆ తర్వాత ఏ కౌన్సెలింగూ ఉండదు.

కాబట్టి మసీదు కమిటీలను మేము కోరేది పెద్ద పని కాదు. తొమ్మిదో తరగతి పిల్లల జాబితా ఒకటి రాయండి. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్ళకముందే పాఠశాల రిజిస్టరు, ఆధారు, తండ్రి కాగితాలు పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. బీసీ-ఇ ఎవరు, బీసీ-బి ఎవరు అన్నది తేల్చండి. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు 2019 నుంచి ఈడబ్ల్యూఎస్ 10 శాతం ఉన్నదని, వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండటం అందులో ప్రధాన షరతని చెప్పండి. ఈ మాట తెలియని ఇళ్ళు మా వీథిలోనే ఉన్నాయి. ప్రభుత్వాన్ని కోరేదీ ఉన్నది. ప్రవేశ సమయంలోనే ఉపకులం అడిగి రాయవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయులదని స్పష్టమైన ఆదేశమివ్వాలి. విద్యార్థుల దరఖాస్తులను తహసీల్దారు కార్యాలయాలు వేసవికి ముందే పరిష్కరించాలి.

మా వీథి పిల్లల జాబితా రాయడం మొదలుపెట్టాము. ఇంటింటికీ తిరుగుతుంటే తల్లులే కాగితాల సంచీ తెచ్చి ముందు పెడుతున్నారు.