అమ్మా, ఒంటికి!

మధ్యాహ్నపు ఎండలో ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టణం దాటి అరగంట అయినది. కిటికీ పక్కన తల్లి ఒడిలో కూర్చున్న నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి కాళ్లు దగ్గరకు ముడుచుకుని చిటికెనవేలు చూపించాడు.

"బస్టాండులో అడిగితే లేదన్నావు కదరా!" అన్నది తల్లి, గొంతు తగ్గించి.

"అప్పుడు లేదు. ఇప్పుడొస్తోంది" అన్నాడు వాడు, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.

ముందు వరుసలో ఇద్దరు వెనుదిరిగి చూశారు. తల్లి ముఖం ఎర్రబడినది. బస్సు ఆగవలసిన తరువాతి ఊరు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరాన ఉన్నది.

ఇటువంటి ఘట్టం ఎదురుకాని కుటుంబం బహుశా ఉండదు. పెళ్లి పందిట్లో, సినిమాహాలులో, దేవాలయం ముందు బారులో, బ్యాంకులో తమ టోకెను పిలవబోయే క్షణాన సరిగ్గా ఆ చిటికెనవేలు లేస్తుంది. పెద్దలు దానిని మొండితనమనో, పెంపకపు లోపమనో తలుస్తారు. అయితే పైన చెప్పిన తల్లీకొడుకుల వాదంలో న్యాయం పిల్లవాని పక్షాననే ఉన్నదని శరీరశాస్త్రం చెబుతున్నది.

పెద్దవారి మూత్రాశయంలో సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. పిల్లల విషయంలో వైద్యులకు ఒక సులువైన లెక్క ఉన్నది. బిడ్డ వయస్సుకు ఒకటి కలిపి, ముప్పయితో హెచ్చవేస్తే వచ్చేదే మిల్లీలీటర్లలో దాని మూత్రాశయపు పరిమాణం. ఆ ప్రకారం నాలుగేళ్ల బిడ్డకు 150, రెండేళ్ల బిడ్డకు 90, అనగా హోటలులో ఇచ్చే చిన్న టీ గ్లాసెడు మాత్రమే. ప్రయాణంలో బిడ్డ ఏడవకుండా చేతికిచ్చే శీతల పానీయపు సీసాలో అంతకు రెట్టింపు ఉంటుంది.

పరిమాణం ఒక్కటే కారణం కాదు. పసికందులో ఈ పని చాలావరకు దానంతట అదే జరిగిపోతుంది. సంచి నిండుతుంది, ఖాళీ అవుతుంది. రెండు నుంచి నాలుగేళ్ల ప్రాయంలో మెదడు క్రమంగా పగ్గాలు చేతికి తీసుకుంటుంది. కొత్తగా పగ్గాలు పట్టినవాడు గుర్రాన్ని ఆపగలడు గాని ఎక్కువసేపు ఆపలేడు. పెద్దవారికి మూత్రాశయం నిండుతున్న కబురు ముందుగానే, మెల్లగా అందుతుంది. ఆటలోనో, వింతలు చూడటంలోనో మునిగిన బిడ్డకు ఆ తొలి కబుర్లు చెవికెక్కవు. ఎక్కేసరికి మూత్రాశయపు కండరం ముడుచుకోవడం ఆరంభమై ఉంటుంది. కనుక బస్టాండులో చెప్పిన "లేదు" అబద్ధం కాదు. అరగంట తరువాత చెప్పిన "వస్తోంది" కూడా నిజమే.

కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నోరు విప్పి చెప్పక ఉన్నచోటనే కూలబడి మడమతో అదిమిపట్టుకుంటారు. 1966లో విన్సెంట్ అనే వైద్యుడు ఈ భంగిమను ఒక వైద్య పత్రికలో వర్ణించాడు. దొరల కొలువుల్లో స్త్రీలు మోకాళ్లు వంచి చేసే వందనాన్ని పోలి ఉన్నదని దానికి ఆ వందనం పేరే పెట్టారు. తెలుగు తల్లులకు దానిని గుర్తించడానికి వైద్య పత్రికతో పని లేకపోయినది.

ఈ విషయంలో తెలుగువారికి మాటలకు కొదువ లేదు. పండితులకు అల్పాచమానం, లఘుశంక. పల్లెలో చెంబు పట్టుకుని వెళ్లేవారికి బహిర్భూమి. బడిలో పిల్లలకు ఒంటికి, రెంటికి. పంతులుగారి ముందు ఒక వేలు లేచినదా, రెండు వేళ్లు లేచినవా అన్నదే చాలును. ఇన్ని మాటలు ఉండి కూడా నలుగురిలో దేనినీ పలకరాదని బిడ్డకు నేర్పుతారు. సిగ్గు నేర్చుకున్న బిడ్డ ఆలస్యంగా చెబుతుంది. ఆలస్యంగా చెప్పినందుకు తిట్లు తింటుంది.

అనుభవశాలురైన తల్లులు "వస్తోందా?" అని అడగరు. "పద, వెళ్లివద్దాం" అని చేయి పట్టుకుని తీసుకుపోతారు. ఇల్లు వదిలే ముందు ఒకసారి, బండి ఎక్కే ముందు ఒకసారి, ఏ ఊరిలో ఆగినా ఒకసారి. నెలల బిడ్డను చాచిన పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్‌స్‌స్" అంటూ చప్పుడు చేసే అమ్మమ్మల పద్ధతి ఈ సందర్భంలో అక్కరకు వస్తుంది. ఆ చప్పుడుకు అలవాటుపడిన శరీరం మూడు నాలుగేళ్ల ప్రాయంలో కూడా దానిని మరచిపోదు. "త్వరగా కానీ, బస్సు పోతుంది" అని గద్దిస్తే మాత్రం భయంతో బిడ్డ కండరాలు బిగుసుకుంటాయి. అక్కడ రానిది మళ్లీ బస్సులోనే వస్తుంది.

చాలా ఇళ్లలో వాడే మరొక ఉపాయం ప్రయాణం రోజున నీళ్లు మాన్పించడం. ఇది హానికరం. నీరు తక్కువైతే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని చికాకుపరుస్తుంది. మండు వేసవిలో బిడ్డకు వడదెబ్బ ముప్పు కూడా. బడికి వెళ్లే ఆడపిల్లలు అక్కడి మరుగుదొడ్డికి వెరచి పొద్దుటినుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా ఉండటం కొత్త సంగతి కాదు. ప్రతి బడిలోను ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం విధించినది. అయినా 2019లో కేరళలో పిల్లల చేత నీళ్లు తాగించడానికి బడిలో ప్రత్యేకంగా గంట కొట్టవలసి వచ్చినది. ఆ నీటిగంట త్వరలోనే కర్ణాటకకు, తెలంగాణకు పాకినది. గంట కొట్టడం సులభం. తాగిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది గంట చెప్పదు.

బిగబట్టుకోవడం అలవాటైన పిల్లల్లో మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మాటిమాటికి, అతి తొందరగా వస్తున్నదనే బిడ్డ విషయంలో పెద్దలకు తట్టని కారణం మరొకటి ఉన్నది. అది మలబద్ధకం. గట్టిపడిన మలం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. మంట, జ్వరం ఉన్నా, మానిన పక్కతడుపు మళ్లీ మొదలై దానితోపాటు విపరీతమైన దాహం కనిపించినా దిష్టి తీసి ఊరుకోక వైద్యునికి చూపించాలి. ఆ దాహం పిల్లల్లో మధుమేహానికి సూచన కావచ్చును.

సరే, సమయానికి మరుగుదొడ్డి కనిపించినదే అనుకుందాం. అది పెద్దవారి కొలతతో కట్టినది. అడుగులు పెట్టే దిమ్మెలు ఎడంగా ఉంటాయి. మధ్యన ఉన్న గుంట మూడేళ్ల బిడ్డ కంటికి బావిలా కనిపిస్తుంది. లోపల చీకటి, జారుడు నేల, చేతికందని గొళ్లెం. బిడ్డ అరచి బయటకు పరుగెత్తడంలో వింత ఏమున్నది?

ఈ భయాన్ని మొదట పట్టించుకున్నది ఇంజనీర్లు కారు, మురికివాడల స్త్రీలు. పుణెలో 1999 నుంచి నగరపాలక సంస్థ పెద్ద ఎత్తున సామూహిక మరుగుదొడ్లు కట్టించినప్పుడు, మహిళా మిలన్ అనే పేద స్త్రీల సంఘాలు, స్పార్క్ అనే సంస్థ ఆ పనిలో పాలుపంచుకున్నవి. బారులో నిలిచిన పిల్లలను పెద్దలు వెనక్కి నెట్టి ముందుకు పోతారని, అందువల్లనే పిల్లలు మురుగుకాలువ పక్కన కూర్చుంటున్నారని ఆ తల్లులకు తెలుసు. కనుక పిల్లలకు విడిగా చోటు ఏర్పరచారు. గుంట చిన్నది, పడిపోకుండా పట్టుకోవడానికి పిడి. ఖర్చు స్వల్పం. ఇంత చిన్న సంగతి ఊరూరా కట్టే ప్రణాళికల్లో ఎందుకు చేరదో అర్థం కాదు.

కూతురిని వెంటబెట్టుకు వచ్చిన తండ్రి అవస్థ మరొకటి. పురుషుల వైపు తీసుకుపోవడానికి మనసొప్పదు, స్త్రీల వైపు తాను పోరాదు. ద్వారం దగ్గర నిలిచి, లోపలికి వెళ్తున్న ఎవరో ముసలమ్మను "అమ్మా, మా పాపను కాస్త చూడండి" అని బతిమాలుకుంటాడు. దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ 2017 ఏప్రిల్‌లో తన పరిధిలోని హోటళ్లు అయిదు రూపాయలకు మించని రుసుముతో తమ మరుగుదొడ్లను ఎవరికైనా ఇవ్వాలని ఏర్పాటు చేసినది. చిన్న ఊళ్లలో అటువంటి ఆజ్ఞలు లేకుండానే ఈ పని జరుగుతున్నది. తెలియని ఇంటి తలుపు తట్టి, "పిల్లకు కాస్త దొడ్డి చూపిస్తారా?" అని అడిగిన తల్లిని కాదనే ఇల్లాలు అరుదు.

పెద్దవారికే ఈ తొందర ఎంత లొంగనిదో చెప్పడానికి ఓఖిల్ చంద్ర సేన్ పేర ప్రసిద్ధమైన లేఖ ఉన్నది. 1909లో ఆయన పనస తొనలు మితిమీరి తిని, అహ్మద్‌పూర్ స్టేషనులో బండి దిగాడట. గార్డు ఈల వేయగా చెంబుతో, పంచెతో పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరి ఎదుట పడిపోయి, ఆ గార్డుకు జరిమానా వేయకుంటే పత్రికలకు ఎక్కుతానని రైల్వేవారికి వ్రాశాడు. కింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు వచ్చినది ఆ లేఖ వల్లనే అంటారు. నాలుగేళ్ల పిల్లవానికి లేఖ వ్రాయడం రాదు.

బస్సులో ఆ తల్లి చివరకు కండక్టరును పిలిచినది. "బాబూ, పిల్లవాడు ఆగలేకుండా ఉన్నాడు..." కండక్టరు గడియారం చూసుకున్నాడు. వెనుక సీటులోని పెద్దావిడ "పసివాడయ్యా, ఆపితే నీ బస్సేం కరిగిపోదు" అన్నది. ఈల మోగినది. డ్రైవరు సణుగుతూ తాటిచెట్ల పక్కన బస్సు ఆపాడు. తల్లి పిల్లవాణ్ణి ఎత్తుకుని దిగినది. ఆ వెనుకనే, ఇంతసేపూ నోరు మెదపని పెద్దమనుషులు ఒకరి తరువాత ఒకరు ఎనిమిది మంది దిగారు. అందరికన్నా చివర డ్రైవరు దిగాడు.