వైరు పీకితేనే తెలుస్తుంది

మా అక్క కూతురు హైదరాబాదులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. "పిన్నీ, మా ప్రాజెక్టు అందరి ముందూ చూపించాలి, నువ్వు రావాల్సిందే" అని ఒకటే పట్టు. డిగ్రీలో నేను చదివింది తెలుగు, చరిత్ర. కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసు? అయినా పిల్ల ముచ్చట కాదనలేక, రెండు రోజులకి సరిపడా కూరలూ పచ్చళ్ళూ ఫ్రిజ్‌లో సర్ది రాజమండ్రిలో రైలెక్కాను.

కాలేజీ హాల్లో బల్ల మీద మూడు కంప్యూటర్లు, వెనక తెర మీద బస్సు సీట్లు. సీటు అమ్మితే ఆ లెక్క మూడూ రాసుకుంటాయి. వాటిలో ఒకటి పెద్దరికం చేస్తుంది. "నేనున్నాను" అని మిగతా రెండింటికీ కబురు పంపుతూ ఉంటుంది. ఆ కబురు ఆగిందా, అవి ఓటేసుకుని కొత్త పెద్దని ఎన్నుకుంటాయి. ఈ పద్ధతి పేరు రాఫ్ట్, అంటే తెప్ప. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒంగారో, ఔస్టర్‌హౌట్ అనే ఇద్దరు 2014లో ప్రచురించారు.

మా పిల్ల వైరు తను ముట్టుకోలేదు. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన్ని పిలిచి "మీకిష్టమైన వైరు పీకండి అంకుల్" అంది. ఆయన సరిగ్గా పెద్దరికం చేస్తున్నదాని వైరే పీకారు! తెర బిగుసుకుపోయింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు సెకన్లు ఆగి సీట్ల అమ్మకం మళ్ళీ మొదలైంది. అమ్మిన సీటు ఒక్కటీ లెక్క తప్పలేదు. మామూలుగా అయితే సెకను కూడా పట్టదట. మా కళ్ళకి కనబడాలని తనే ఆ వ్యవధి పెంచిందట.

ఇంతలో వెనకనుంచి ఓ కుర్రాడు వచ్చి రెండోదీ పీకేశాడు. ఈసారి ఎంతసేపటికీ కదలిక లేదు. ఈలలు వేశారు. మా పిల్ల తడబడలేదు. "మిగిలిన ఒక్కదానికి తక్కినవి పోయాయో, మధ్యలో వైరే తెగిందో తెలీదు. అవతల అవి రెండూ కలిసి ఇదే సీటు అమ్ముతూ ఉండొచ్చు కదా! అందుకే మూడింట్లో రెండైనా కలవకపోతే అమ్మకం ఆపేస్తుంది. ఒకే సీటు ఇద్దరికి అమ్మడం కన్నా ఆగడం మేలు" అంది.

అప్పుడే నా ఫోను మోగింది. మావారు. "అమ్మ బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావోయ్? నిన్న రాత్రి కూడా వేసుకోలేదట. కళ్ళు తిరుగుతున్నాయంటోంది" అన్నారు.

పాత డబ్బా పగిలిందని ఆ వారమే వేరే డబ్బాలోకి మార్చాను. ఎవరికీ చెప్పలేదు. పాలవాడి లెక్క, గ్యాసు నంబరు, స్కూలు ఫీజు తేదీ అన్నీ నా బుర్రలోనే. నేను లేకపోతే ఇల్లు గడవదని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ఆ హాల్లో కూర్చుంటే అది గొప్ప కాదు, లోపమనిపించింది. మా ఇంట్లోనూ నలుగురం ఉన్నాం. లెక్క మాత్రం ఒక్కరి దగ్గరే.

ఇంటికొచ్చి అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అది చాలదంది మా పిల్ల. నెట్‌ఫ్లిక్స్ కంపెనీ తన కంప్యూటర్లని తనే ఆపేసే కేయాస్ మంకీ అనే ప్రోగ్రాం రాసుకుందట, 2012లో అందరికీ ఇచ్చేసిందట. ఉద్యోగులు ఆఫీసులో ఉన్నప్పుడే ఆ కోతి వైర్లు పీకినట్టు చేస్తే, అర్ధరాత్రి నిజంగా చెడినప్పుడు కంగారుండదని.

అందుకే నెలకో ఆదివారం నేను చెప్పకుండా అక్క ఇంటికో, గుడికో వెళ్ళిపోతున్నాను. "మగవాళ్ళకీ పనులు రావమ్మా" అంటారు కొందరు. నేనూ అన్నదాన్నే. వచ్చో రాదో ఎప్పుడైనా చూశామా? జ్వరంతోనూ లేచి కాఫీ కలుపుతుంటే వాళ్ళకి నేర్చుకునే అవసరమేముంది? మనం మంచాన పడ్డ రోజున కాదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పరీక్ష పెట్టాలి.

మొదటి ఆదివారం మా ఇంట్లో పాలు పొంగిపోయాయి, గిన్నె మాడింది. మా అత్తగారి మాత్ర మాత్రం వేళకి అందింది. ఇచ్చింది ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి.