సంఘం పేరు అరువిచ్చేది కాదు

మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైన వాళ్ళం. రాతలో తప్పులుంటే మన్నించండి.

2024 అమెరికా ఎన్నికలప్పుడు మన గ్రూపులో ఒకటే సందడి. కమలా హారిస్ తల్లిగారిది తమిళనాడు, వాన్స్ గారి భార్య ఉష గారి పెద్దలది ఆంధ్రా, రెండు పక్కలా మనకు చుట్టరికమే అని మురిసిపోయాం. సంతోషమే. కానీ ఆ దేశం నుంచి మనలాంటి సంఘాలు నేర్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది.

1960లో కెనెడీ, నిక్సన్ టీవీలో నాలుగుసార్లు వాదించుకున్నారు. తరువాత 16 ఏళ్ళు అధ్యక్ష అభ్యర్థుల మధ్య చర్చే లేదు. ఒకరికి సమయమిస్తే పోటీలో ఉన్న అందరికీ ఇవ్వాలని టీవీలకు చట్టం అడ్డు. పైగా గెలుస్తామని ధీమా ఉన్నవాళ్ళు ప్రశ్నలకు ఎదురు నిలబడతారా?

1975లో ఆ నిబంధన సడలింది. బయటి సంస్థ చర్చ జరిపితే టీవీలు దాన్ని వార్తగా చూపించవచ్చన్నారు. మరుసటి ఏడాది లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే సంఘం ఫోర్డ్, కార్టర్‌లను ఒకే వేదిక ఎక్కించింది. అక్కడ ఆడవాళ్ళకు దేశమంతటా ఓటుహక్కు వచ్చిన 1920లోనే పుట్టిన సంఘం అది.

1980లో స్వతంత్ర అభ్యర్థి ఆండర్సన్‌ను పిలిస్తే తాను రానన్నాడు అధ్యక్షుడు కార్టర్. లీగ్ బెదరలేదు. రీగన్, ఆండర్సన్‌లతోనే బాల్టిమోర్‌లో చర్చ జరిపించింది.

1988లో అసలు పరీక్ష వచ్చింది. బుష్, డుకాకిస్ వర్గాలు తలుపులు మూసుకుని ఒప్పందం రాసుకున్నాయి. ప్రశ్నలడిగేది ఎవరు, హాల్లో కూర్చునేది ఎవరు, అన్నీ వాళ్ళే తేల్చేసి లీగ్ ముందు పెట్టాయి. పరీక్ష రాసేవాడే ప్రశ్నపత్రం తయారు చేసుకున్నట్టు! జనాన్ని మోసం చేసే పనికి మా పేరు ఇవ్వమని లీగ్ తప్పుకుంది. రెండు పార్టీల పెద్దలు అంతకు ముందు ఏడాదే పెట్టుకున్న కమిషన్ ఆ చర్చ జరిపింది. తరువాత చాలా ఏళ్ళు ఆ పని కమిషన్‌దే.

లీగ్ ఓడిపోయింది కదా అంటారేమో. వేదిక పోయింది, నిజమే. పేరు నిలిచింది. 2024లో బైడెన్, ట్రంప్ ఆ కమిషన్‌ను కూడా పక్కనబెట్టి నేరుగా టీవీ ఛానెల్‌కు వెళ్ళారు. అయినా జూన్ 27న ఆ చర్చ చూశాక సొంత పార్టీవాళ్ళే బైడెన్‌ను తప్పుకోమన్నారు. జూలై 21న ఆయన తప్పుకున్నాడు. ఎదురుగా నిలబెట్టి అడిగితే దాచినది బయటపడుతుంది.

ఇక మన సంగతి. పోయిన ఎన్నికల్లో ప్రశ్నలు చీటీల మీద ముందే తీసుకుని, నచ్చినవే చదివారు. పిల్లల తెలుగు క్లాసు ఎందుకు ఆగిందని మేము రాసిన చీటీ చదవనేలేదు. శాలువాలు, ఫోటోలు మాత్రం బాగా జరిగాయి. తమిళనాట పుట్టిన మన మనవళ్ళకు అక్షరాలు నేర్పలేకపోతే ఈ సంఘానికి తెలుగు అనే పేరెందుకు?

ఈసారి పోటీలో లేని ముగ్గురు పెద్దలు సభ నడపాలి. చీటీలన్నీ డబ్బాలో వేసి అందరి ముందు తీసి చదవాలి. రానివారి కుర్చీ ఖాళీగా అక్కడే ఉంచాలి. దీనికి ఒప్పుకునేవారు సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తండి. ముందుగా మా చెయ్యి లేస్తుంది.