పచ్చికను బంజరంటారా?

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ పచ్చికబయళ్ల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. మన ప్రభుత్వ పద్దుల్లో మాత్రం అటువంటి నేలల్లో చాలావాటికి ఉన్న పేరు బంజరు. శిస్తు రాలని భూమిని బంజరుగా జమకట్టిన వలస పాలకులు వెళ్లిపోయినా వారి లెక్క చెక్కుచెదరలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో కేంద్ర భూవనరుల శాఖ 2019లో వెలువరించిన అట్లాసు ప్రకారం దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం బంజరే. చౌడు నేలలు, బండరాళ్లతో పాటు పొదలూ గడ్డీ పెరిగే మేత భూములనూ అందులో కలిపివేయడం విడ్డూరం. వాన తక్కువైన ఆ నేలల్లో చెట్లు దట్టంగా పెరగకపోవడం ప్రకృతి సహజం.

ఈ చిన్నచూపు తెచ్చే చేటు ఎంతటిదో గుజరాత్‌లోని బన్నిని చూస్తే తెలుస్తుంది. కచ్ జిల్లాలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు అది. మాల్ధారీలు తరతరాలుగా గేదెలనూ ఆవులనూ మేపుకొంటున్న చోటు. రణ్ నుంచి ఉప్పు పాకిరాకుండా ఆపాలంటూ 1960వ దశకంలో అటవీశాఖ అక్కడ సర్కారు తుమ్మ నాటించింది. విదేశాల నుంచి వచ్చిన ఆ చెట్టు దాదాపు సగం బయలును కమ్మేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట! దాని కింద గడ్డి ఎదగదు. కాయలు అదేపనిగా మేసిన ఆవులు జబ్బుపడతాయి. ఆ కట్టెతో బొగ్గు కాల్చి కొందరు పొట్టపోసుకుంటున్న మాట నిజమే. పాడికి అది సాటిరాదు.

గడ్డి చేసే మేలు కంటికి ఆనదు. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాన నీటిని ఇంకిస్తాయి, కర్బనాన్ని నేలలోనే దాచుతాయి. కార్చిచ్చు రేగినా ఆ నిల్వ చాలావరకు భద్రం. బట్టమేక పిట్టకూ ఆ బయళ్లే ఇల్లు. విద్యుత్ తీగలకు తగిలి ప్రాణాలు కోల్పోతున్న ఆ పక్షులు 200 లోపే మిగిలాయి. తీగలను భూగర్భంలో వేయాలని 2021లో ఆదేశించిన సుప్రీంకోర్టు 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. ఆ పక్షి కోసమే 1988లో ఏర్పడిన కర్నూలు సీమలోని రోళ్లపాడు అభయారణ్యంలో ఇప్పుడది కానరావడమే గగనం.

ఇంత జరిగినా ఏలినవారికి చెట్ల మోజు తగ్గలేదు. 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకానికి మరుసటి ఏడాది జారీ అయిన విధివిధానాలు పొదల నేలల్లోనూ మొక్కలు నాటడానికి వీలు కల్పించాయి. కేంద్రం ముందుగా అట్లాసును దిద్దాలి. పచ్చికబయళ్లను బంజరు పద్దు నుంచి తప్పించి విడిగా నమోదు చేయాలి. ఏ పథకానికైనా వాటిని అప్పగించే ముందు అక్కడ పశువులు మేపుకొనేవారి సమ్మతి తీసుకోవాలి. వారి మేత హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఏనాడో గుర్తించింది.